కాటా పోయిన ఊరికి: ట్యునీషియాలో ఏడు రోజులు

మొదటి రోజు: 2024 డిసెంబర్ 12, గురువారం

దోహా ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడిది ట్యునీషియా. టీ తాగడానికి లేచినప్పుడల్లా అతనికీ, అదే దేశం నుంచి వచ్చిన ఇంకో కుర్రాడికీ ఒకటే వాదన. విప్లవం పుట్టినరోజు ఏది? డిసెంబర్ 17 అని ఒకరు, జనవరి 14 అని ఇంకొకరు. మొదట్లో చిన్న పట్టింపులే అనుకున్నాను. ఆ తేదీల పేరు చెప్పి దేశం ఎవరిదో తేల్చుకుంటున్నారని నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

2010 డిసెంబర్ 17న సిదీ బూజిద్ అనే లోపలి ఊళ్లో, తోపుడు బండి మీద పండ్లూ కూరగాయలూ అమ్ముకునే 26 ఏళ్ల మహమ్మద్ బువాజిజి ఒంటికి నిప్పంటించుకున్నాడు. 28 రోజుల తర్వాత, 2011 జనవరి 14న, రాజధాని ట్యూనిస్ వీధుల్లో జనం పోటెత్తితే 23 ఏళ్లుగా ఏలుతున్న బెన్ అలీ విమానమెక్కి సౌదీకి పారిపోయాడు. మొదటి తేదీ పల్లెది, రెండోది పట్నానిది.

"పదిహేడో తేదీకి అక్కడ ఉండేలా వెళ్లు, మా అక్క వాళ్లింట్లో దిగు" అన్నాడు మిత్రుడు. చీకటి పడ్డాక దిగాను. అక్క హైస్కూల్లో ఫ్రెంచ్ చెబుతుంది. గుమ్మంలోనే "రా ఖూయా" అంది. ఖూయా అంటే తమ్ముడూ అని పిలిచినట్టే. నేనూ తెలుగులోనే అక్కా అన్నాను, ఆ మాట ఆవిడకి నచ్చింది.

కుస్కుస్, గొర్రె మాంసం, పక్కన చిన్న గిన్నెలో హరీసా. మా గుంటూరు పండుమిరప కారం తిన్న నోటికి హరీసా కొత్తేమీ కాదు, అయినా రెండోసారి వేయించుకున్నాను. టీవీలో డమాస్కస్. సిరియా అధ్యక్షుడు అసద్ కూలిపోయి నాలుగు రోజులైంది. సెద్నాయా జైలు తలుపులు తెరుస్తున్నారు, మనుషులు బయటికొస్తున్నారు. పక్క ఫ్లాట్ పెద్దావిడ వచ్చి టీవీకి దగ్గరగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడ చిన్నకొడుకు 2013లో సిరియా యుద్ధానికి వెళ్లాడు. ఆ తర్వాత కబురు లేదు. గడ్డం పెరిగిన ప్రతి ముఖం దగ్గరా ఆవిడ వేలు తెర దాకా వెళ్లి ఆగేది. బెన్ అలీ పోయాక తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి, వాటిల్లోంచి ఇలా వెళ్లిపోయిన పిల్లలు వేలల్లో ఉన్నారు. రాత్రి పదకొండింటికి ఆవిడ లేచి, ఎవరితోనూ ఏమీ అనకుండా, కుర్చీ తీసిన చోటే పెట్టి వెళ్లింది.

రెండో రోజు: డిసెంబర్ 13, శుక్రవారం

ఈరోజంతా ఒకే వీధి, హబీబ్ బూర్గిబా అవెన్యూ. మధ్యలో రెండు వరసల ఫైకస్ చెట్లు, సాయంత్రమయ్యేసరికి వాటి నిండా పిట్టల గోల. ఒక కొసన పాత నగరం ద్వారం, ఇంకో కొసన గడియార స్తంభం. ఆ రెంటి మధ్య నడిస్తే ఈ దేశపు వందేళ్ల చరిత్ర నడిచినట్టే.

గడియార స్తంభం ఉన్న కూడలి పేరు ఒకప్పుడు "1987 నవంబర్ 7". ఆ రోజు బెన్ అలీ, ముసలివాడైపోయిన తొలి అధ్యక్షుడు బూర్గిబాను తప్పించి గద్దెనెక్కాడు. గుర్రమెక్కిన బూర్గిబా విగ్రహాన్ని అక్కడినుంచి ఓడరేవు వైపు లా గూలెత్‌కి పంపించాడు. విప్లవం తర్వాత అదే కూడలికి "2011 జనవరి 14" అని పేరొచ్చింది. 2016లో బూర్గిబా గుర్రంతో సహా మళ్లీ ఈ వీధికే తిరిగొచ్చాడు. ఎవరి చేతికి అధికారం వస్తే వాళ్లు ముందుగా చేసే పని ఇదే: పేరు మార్చడం, విగ్రహం జరపడం.

అటు కొసన, చర్చికీ ఫ్రెంచ్ ఎంబసీకీ మధ్య, చేతిలో పుస్తకంతో ఇబ్న్ ఖల్దూన్ నిలబడి ఉంటాడు. 1332లో ఈ ఊళ్లోనే పుట్టాడు. అంచుల్లో బతికే గట్టి మనుషులు ఒకరికొకరు కట్టుబడి వచ్చి నగరాన్ని గెలుస్తారని, కొన్ని తరాలకు నగరం సుఖం వాళ్ల కట్టును సడలిస్తుందని, అప్పుడు మళ్లీ అంచుల్లోంచి ఇంకొకరు వస్తారని ఆరు వందల ఏళ్ల కిందటే రాసిపెట్టాడు. ఆ విగ్రహం కింద చాలాసేపు కూర్చున్నాను. 2010లో అంచుల్లోంచి మనుషులైతే వచ్చారు. నగరాన్ని గెలిచింది మాత్రం వాళ్లు కాదనిపించింది.

మధ్యాహ్నం క్లాసులు అయ్యాక అక్క వచ్చింది. హోంశాఖ భవనం దగ్గరికి రాగానే "ఫోను జేబులో పెట్టుకో" అంది. ఆ భవనం ఎదుటే జనవరి 14న వేల గొంతులు ఒకే ఫ్రెంచ్ మాట అరిచాయి: "దెగాజ్!" దిగిపో, ఫో అని. అక్క ఆ గుంపులో ఉంది. టియర్ గ్యాస్‌లో పరిగెడుతూ ఎడమ కాలి చెప్పు పోగొట్టుకుంది. ఎక్కడ పోయిందో చూపించింది, ఒక కేఫ్ గుమ్మం ముందు, మూడో చెట్టు పక్కన. "పధ్నాలుగేళ్లు కావస్తోంది, ఇటు వస్తే ఇప్పటికీ కిందికే చూస్తాను" అంది.

2021 డిసెంబర్‌లో అధ్యక్షుడు కైస్ సయీద్ విప్లవ దినాన్ని జనవరి 14 నుంచి డిసెంబర్ 17కి మార్చాడు. అసలు విప్లవం 17న మొదలైందని, 14న దాన్ని దారి తప్పించారని ఆయన వాదన. అక్కకి ఆ రోజు సెలవు పోవడం మీద బాధ లేదు. "మేమంతా ఇక్కడికి ఊరికే వచ్చామా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కేఫ్‌లో కూర్చున్నాక గొంతు తగ్గించింది. పక్క టేబుళ్ల మీద మాట్లాడేవాళ్లూ అంతే. 2022 సెప్టెంబర్‌లో వచ్చిన 54వ డిక్రీ కింద తప్పుడు వార్త చెప్పారంటే అయిదేళ్ల దాకా జైలు. జర్నలిస్టులూ లాయర్లూ ఆ డిక్రీతో జైలుకెళ్లారు. బెన్ అలీ కాలంలోనూ ఇలాగే గుసగుసగా మాట్లాడేవాళ్లం, మధ్యలో పదేళ్లు గట్టిగా మాట్లాడాం, అంది.

మూడో రోజు: డిసెంబర్ 14, శనివారం

అక్క వాళ్లది బార్డో పేట. మ్యూజియం నడిచేంత దూరం. ప్రపంచంలో పేరున్న రోమన్ మొజాయిక్‌లు అక్కడున్నాయి, కానీ నేను ముందు గుమ్మం దగ్గర పేర్ల పలక ముందు నిలబడ్డాను. 2015 మార్చి 18న ఉగ్రవాదుల కాల్పుల్లో చనిపోయిన వాళ్ల పేర్లు అవి. పార్లమెంటు కూడా ఇదే ఆవరణలో ఉంటుంది. 2021 జూలై 25 రాత్రి సయీద్ పార్లమెంటును స్తంభింపజేసి, ప్రధానిని తీసేసి, గేటు ముందు సైనిక వాహనం నిలబెట్టించాడు. స్పీకర్ రషీద్ ఘన్నూషీ వస్తే లోపలికి రానివ్వలేదు. ఆ గేటుతోపాటు మ్యూజియమూ మూతపడి రెండేళ్ల పైన అలాగే ఉంది. 2023 సెప్టెంబర్‌లో తెరిచారు. ఘన్నూషీని అంతకు అయిదు నెలల ముందే అరెస్టు చేశారు.

ఇక్కడ జూలై 25 అంటే ఒక్క సంగతి కాదు. 1957లో రిపబ్లిక్ ప్రకటించింది ఆ రోజే. 2013లో వామపక్ష నాయకుడు మహమ్మద్ బ్రాహ్మీని ఇంటిముందు కాల్చి చంపింది ఆ రోజే. అధ్యక్షుడు ఎస్సెబ్సీ 2019లో చనిపోయింది, సయీద్ 2021లో పగ్గాలన్నీ చేతిలోకి తీసుకుంది, 2022లో కొత్త రాజ్యాంగం మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టింది, అన్నీ ఆ రోజే.

మెట్ల మీద కూర్చుని అక్క ఒక మాట చెప్పింది. 2021 జూలై 25 రాత్రి ఆవిడ కూడా కారు తీసి హారన్ కొట్టుకుంటూ తిరిగిందట. "కోవిడ్‌తో రోజూ శవాలు లేస్తున్నాయి. పార్లమెంటులో వీళ్లు కొట్టుకుంటున్నారు. ఎవరో ఒకరు ఆపితే చాలనిపించింది." 14న దెగాజ్ అని అరిచిందీ ఆవిడే, పదేళ్లకు పార్లమెంటు మూసేస్తే హారన్ కొట్టిందీ ఆవిడే. బయటి వాళ్లు దీన్ని ప్రజాస్వామ్యం ఓటమి అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ పదేళ్లూ ఇంట్లో కూర్చుని టీవీ చూసిన మనిషి అలసట ఆ ముక్కలో పట్టదు.

నిజానికి ఆ పదేళ్లలో వీళ్లు గొప్ప పనులే చేశారు. 2011 అక్టోబర్‌లో రాజ్యాంగ సభ ఎన్నికలు, అందులో ఇస్లామిక్ పార్టీ ఎన్నహ్దాకు 217లో 89 సీట్లు. 2013లో వామపక్ష నాయకులు శుక్రీ బెలయీద్, బ్రాహ్మీల హత్యలతో దేశం అంచుకు వస్తే, కార్మిక సంఘం, పరిశ్రమల సంఘం, మానవ హక్కుల లీగ్, లాయర్ల సంఘం కలిసి అందరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాయి. ఆ నాలుగింటికీ కలిపి 2015లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అదే 2013లో ఈజిప్టులో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోయడం, లిబియా అంతర్యుద్ధంలో పడడం పక్కన పెట్టుకుని చూస్తే దీని విలువ తెలుస్తుంది. కానీ ఆ బల్ల చుట్టూ కూర్చున్న ఎవరూ సిదీ బూజిద్‌లో ఉద్యోగాల సంగతి తేల్చలేకపోయారు.

సాయంత్రం కస్బా మైదానం. ప్రధాని కార్యాలయం ఇక్కడే. 2011 జనవరి ఆఖర్లో లోపలి ఊళ్ల కుర్రాళ్లు దుప్పట్లతో ఇక్కడికొచ్చి పడుకున్నారు. పాత ప్రభుత్వపు మనుషులు పోవాలన్నారు, ఫిబ్రవరి 27న ప్రధాని దిగిపోయాడు, రాజ్యాంగ సభ ఎన్నికలకు దారి పడింది. ఇప్పుడు రాయి పరిచిన ఖాళీ చోటు. పిల్లలు బంతి ఆడుతున్నారు.

నాలుగో రోజు: డిసెంబర్ 15, ఆదివారం

మొనాస్తీర్. అక్క రాలేదు, పంతొమ్మిదేళ్ల కూతురు వచ్చింది. బంగారు గుమ్మటం కింద బూర్గిబా సమాధి, తలుపు మీద "కొత్త ట్యునీషియా నిర్మాత, స్త్రీలకు విముక్తి ఇచ్చినవాడు" అని రాశారు. 1956లో, స్వాతంత్ర్యం వచ్చిన అయిదు నెలలకే, బహుభార్యాత్వాన్ని నిషేధించిన మాట నిజం. ఆయన హయాంలోనే, 1981లో, ప్రభుత్వ ఆఫీసుల్లో స్కూళ్లలో ఆడవాళ్లు తలకు గుడ్డ కట్టకూడదని సర్క్యులర్ వచ్చిన మాటా నిజం.

ఈ పిల్ల అమ్మమ్మ నర్సు. డ్యూటీకి వెళ్తూ గేటు దగ్గర తలగుడ్డ విప్పి సంచిలో పెట్టుకునేది, సాయంత్రం బయటికొచ్చి కట్టుకునేది. అక్క ఎప్పుడూ కట్టలేదు. ఈ పిల్ల పదహారో ఏట తనంతట తాను కట్టుకుంది, అక్కతో రెండు నెలలు మాటల్లేవట. ఒకే ఇంట్లో మూడు తరాలు. "నాకు విముక్తి ఇచ్చానని ఎవరో తలుపు మీద రాసుకుంటే ఎలా ఉంటుంది?" అని ఆ పిల్ల అడిగింది. అలా అడుగుతూనే, బూర్గిబా లేకపోతే నేను చదువుకునేదాన్ని కాదేమో అని కూడా అంది.

బూర్గిబా ఊరు ఇది, బెన్ అలీది ఇక్కడికి దగ్గరే, హమ్మామ్ సూస్. స్వాతంత్ర్యం నుంచి 2011 దాకా దేశాన్ని ఏలిన ఇద్దరూ ఈ తీరం వాళ్లే. రోడ్లూ హోటళ్లూ ఫ్యాక్టరీలూ ఈ తీరం వెంటే ఉన్నాయి. రేపు లోపలికి వెళ్తే తేడా నీకే తెలుస్తుంది అంది ఆ పిల్ల.

అయిదో రోజు: డిసెంబర్ 16, సోమవారం

ట్యూనిస్ నుంచి సిదీ బూజిద్‌కి లువాజ్‌లో బయల్దేరాను. తెల్ల వ్యాను, పక్కన ఎర్ర గీత, ఎనిమిది మంది నిండితేనే కదులుతుంది. మన షేర్ ఆటో లెక్కే. పక్క సీట్లో అరవై దాటిన రైతు. నేను ఇండియా అనగానే "స్ఖీరా ఫ్యాక్టరీకా?" అన్నాడు. ఒక్క క్షణం తెల్లబోయాను. స్ఖీరాలో ఫాస్ఫారిక్ యాసిడ్ ఫ్యాక్టరీ ఉంది, అందులో మన ఎరువుల కంపెనీ కోరమండల్‌కు 15 శాతం వాటా. గఫ్సా గనుల్లో తవ్విన ఫాస్ఫేట్ ఆ ఫ్యాక్టరీలో యాసిడ్‌గా మారి ఓడల్లో మన తీరానికి వస్తుంది. మా నాన్న మిరప చేలో విప్పిన ఎరువు బస్తా వెనక ఇంత దూరం ఉందని ఆయనకీ తెలియదు, నాకూ తట్టలేదు. 2008లో గఫ్సా గనుల ఊరు రదయెఫ్‌లో ఉద్యోగాల జాబితాలో అన్యాయం జరిగిందని జనం ఆరు నెలలు తిరగబడ్డారు. విప్లవానికి అసలు మొదలు అదేనని, డిసెంబర్ 17 కూడా కాదని ఈ పెద్దాయన అన్నాడు. తేదీల తగువు ఇక్కడ ఇంకా లోతుకి పోయింది.

ఆయన్ని అందరూ "అమ్మీ" అంటున్నారు. అరబ్బీలో అమ్మీ అంటే బాబాయ్. నేనూ అలాగే పిలిచాను.

కైరవాన్ దగ్గర ఆగినప్పుడు ఖర్జూరం కూరిన మక్రూద్ మిఠాయి కొన్నాం. అది దాటాక దారి పొడవునా ఆలివ్ తోటలే. చెట్ల కింద వలలు పరిచి కాయ దులుపుతున్నారు. ఈ ఏడు కాపు బాగుంది, ధర పడిపోయింది అన్నాడు అమ్మీ. మిరప యార్డు ముందు మా నాన్న ముఖం ఎలా ఉండేదో ఆయన ముఖమూ అలాగే ఉంది.

ఒక తనిఖీ దగ్గర వ్యాను ఆపి కాగితాలు నన్ను ఒక్కణ్నే అడిగారు. నా నలుపు చూసి సహారా అవతలి నుంచి వచ్చానని అనుకున్నారు. పాస్‌పోర్టు చూసి నవ్వి వదిలేశారు, నా చేతులు మాత్రం చాలాసేపు వణికాయి. 2023 ఫిబ్రవరిలో అధ్యక్షుడు, నల్లజాతి వలసదారుల రాక ఈ దేశపు అరబ్బు, ఇస్లామిక్ గుర్తింపును మార్చే కుట్ర అన్నాడు. ఆ తర్వాత వాళ్ల ఇళ్ల మీద దాడులు జరిగాయి, ఎందరో నిలవనీడ లేక రోడ్డున పడ్డారు. గౌరవం కోసం లేచిన దేశంలో ఒంటి రంగుని బట్టి గౌరవం తూచడం నేను మరిచిపోలేను. అమ్మీ తన మక్రూద్ పొట్లం నా ఒళ్లో పెట్టాడు, కళ్లు మాత్రం కిటికీ వైపే ఉన్నాయి.

ఆరో రోజు: డిసెంబర్ 17, మంగళవారం

అమ్మీ ఇంట్లోనే పడుకున్నాను. పొద్దున్నే వీధిలోకి వచ్చాం. చలి, పొడి గాలి. పోస్టాఫీసు గోడ మీద బువాజిజి నిలువెత్తు బొమ్మ, వీధి మధ్యలో రాతి తోపుడు బండి. జెండాలు, మైకులో పాటలు, స్కూలు పిల్లలు. జనం నేను అనుకున్నంత లేరు.

రాతి బండిని చేత్తో తాకి చూశాను. చక్రం అంచు నునుపు తేలింది, పిల్లలు ఎక్కి దిగడం వల్ల కావచ్చు. ఆ రోజు మునిసిపాలిటీ వాళ్లు అతని దగ్గర లాక్కున్నది కాటా. అప్పు తెచ్చిన సరుకు ఉంది, బండి ఉంది, కాటా లేకపోతే అమ్మకం లేదు. దాన్ని తిరిగి అడగడానికి గవర్నర్ ఆఫీసుకి వెళ్తే ఎవరూ కలవలేదు. అతను డిగ్రీ చదివాడని అప్పట్లో ప్రపంచమంతా పాకింది. అది నిజం కాదు, హైస్కూలు కూడా పూర్తి చేయలేదు. డిగ్రీ ఉందంటేనే అతని బాధ ఎక్కువ విలువైనది అనుకోవడం నాకు కష్టంగా ఉంది. ఇక్కడివాళ్లు దానికి వాడే మాట "హొగ్రా". చిన్నచూపు అనొచ్చు, కానీ పైవాడు కిందివాణ్ని మనిషిగా లెక్కచేయకపోవడం అంతా అందులో ఉంది. 2011 జనవరి 4న అతను చనిపోయాడు.

ఆ బండి ముందు నాకు శ్రీకాంతాచారి గుర్తొచ్చాడు. 2009 నవంబర్ 29, ఎల్బీనగర్. మంటల్లో పోయిన కుర్రాడి పేరు మీద రాష్ట్రం వస్తుంది, దేశం మారుతుంది, విగ్రహం లేస్తుంది. ఆ తల్లి వంటింట్లో ఏం మారుతుందో ఎవరూ అడగరు.

మధ్యాహ్నం అమ్మీ ఇంట్లో అందరం ఒక పళ్లెం చుట్టూ కూర్చున్నాం. "పదిహేడు మాకిచ్చారు, మంచిదే, అది మాదే" అన్నాడు. "సెలవు ఇచ్చారు. ఆసుపత్రి ఇవ్వలేదు. మా అబ్బాయి పడవెక్కి ఇటలీ పోయాడు." 2022లో ఇదే డిసెంబర్ 17న పార్లమెంటు ఎన్నికలు పెట్టారు. నూటికి పదకొండు మందే ఓటేశారు. ఈ అక్టోబర్‌లో సయీద్ 90 శాతం పైగా ఓట్లతో మళ్లీ గెలిచాడు, ఓటేసినవాళ్లు నూటికి 29 మంది. మీ దగ్గర ఎంతమంది వేస్తారు అని అడిగాడు. మొన్న మే నెలలో మా ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 82 మంది అన్నాను. నా లెక్క తప్పనుకుని వేళ్లతో మళ్లీ చూపించమన్నాడు. చూపించాను.

లోపలికి వెళ్లి ఒక ఫొటో తెచ్చాడు. 2011 అక్టోబర్ 23. ఎండలో నిలబడి ఎడమ చూపుడువేలు పైకెత్తి చూపిస్తున్నాడు, వేలు సగం దాకా నీలం సిరా. నవ్వుకి కళ్లు మూసుకుపోయాయి. పక్కన కొడుకు, అప్పటికి ఓటు లేని వయసు, ఉత్త వేలే ఎత్తి చూపిస్తున్నాడు. ఎన్ని గంటలు నిలబడ్డారు అన్నాను. "పొద్దున వెళ్లి మధ్యాహ్నం దాటాక అసర్ నమాజు వేళకి వచ్చాను. కాళ్లు నొప్పి పుట్టలేదు" అన్నాడు.

తేదీ సిదీ బూజిద్‌కే దక్కాలని నాకూ అనిపిస్తోంది. అయితే ఆ తేదీని వీళ్ల చేతిలో పెట్టినవాడే పార్లమెంటు గేటుకి తాళం వేశాడు. ట్యూనిస్‌లో అక్కకి పోయినదీ, ఇక్కడ అమ్మీకి రానిదీ ఒకే సంచిలోవి.

ఏడో రోజు: డిసెంబర్ 18, బుధవారం

లువాజ్ స్టాండులో ఏడుగురం అయ్యాం, ఎనిమిదో మనిషి కోసం చూస్తున్నాం. నిన్నటి జెండాలు కొన్ని విప్పేశారు. రోడ్డు పక్కన ఒక కుర్రాడు తోపుడు బండి మీద కమలాలు అమ్ముతున్నాడు. సినిమా హీరోలా ఏమీ లేడు, మామూలు కుర్రాడు, ఉన్ని టోపీ, చలికి పగిలిన వేళ్లు. కిలో ఇమ్మన్నాను. బ్యాటరీ కాటా మీద ఒక్కొక్కటే పెడుతున్నాడు.

మలుపులో ఏదో జీపు చప్పుడైంది. కుర్రాడి చెయ్యి ముందుగా కాటా మీదికే వెళ్లింది. కమలాలు బండి మీదికి ఒంపి, కాటాను గోనె కింద తోశాడు, దాని మీద మోచెయ్యి ఆనించి నిలబడ్డాడు. జీపు ఆగకుండా వెళ్లిపోయింది. అది దుమ్ములో కలిసేదాకా చూసి, గోనె కింది నుంచి కాటా తీసి, మళ్లీ సున్నా నుంచి తూచడం మొదలుపెట్టాడు.